ఎవరి పెట్టె వారే మోయాలా?

ఓడ ప్రయాణంలో ఎక్కే రోజు సుఖంగా ఉంటుంది, దిగే ఉదయమే కష్టం. ఎక్కేటప్పుడు పెట్టెల సంగతి మనకు పట్టదు. రేవు దగ్గర కూలీలకు అప్పగిస్తే సాయంత్రానికి అవి మన గది తలుపు ముందుంటాయి. దిగేటప్పుడే అసలు ప్రశ్న వస్తుంది. ఈ పెట్టె ఎవరు మోయాలి?

2023 జూన్‌లో నేనూ నా భార్యా అమెరికాలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళాం. వాడు మమ్మల్ని మయామి రేవు నుంచి బహమాస్ దీవులకు వెళ్ళే ఓడ ఎక్కించాడు. నాలుగు రాత్రుల ప్రయాణం. ముప్పై నాలుగేళ్ళు బడిపంతులుగా పనిచేసి, సముద్రమంటే సూర్యలంక ఒడ్డు, విశాఖ బీచి తప్ప ఎరగని నాకు అదొక వింత లోకం. ఆ వింతలన్నీ చెప్పడం నా ఉద్దేశం కాదు. చివరి రాత్రి, చివరి ఉదయం నేర్చుకున్న ఒక్క పాఠాన్ని మీతో పంచుకోవాలనిపించింది.

ఇలాంటి ఓడల్లో దిగడానికి రెండు పద్ధతులున్నాయి. మొదటిది, గదికి రంగు కాగితపు చీటీలు పంపిస్తారు. వాటి మీద ఒక అంకె ఉంటుంది. చివరి రాత్రి పెట్టెలకు ఆ చీటీలు కట్టి, చెప్పిన వేళలోగా గది తలుపు బయట పెట్టేయాలి. రాత్రంతా ఓడ సిబ్బంది వాటిని పోగుచేస్తారు. తెల్లవారి ఓడ రేవు చేరాక వాటిని కిందికి దించి, పెద్ద హాలులో అంకెల ప్రకారం వరసగా పేరుస్తారు. మన అంకె పిలిచినప్పుడు చేతులూపుకుంటూ దిగి, మన పెట్టె మనం గుర్తుపట్టి తీసుకోవడమే. రెండో పద్ధతిలో చీటీలు ఉండవు. ఎవరి సామాను వారే మోసుకొని దిగాలి. వారిని అందరికన్నా ముందు వదులుతారు. అయితే ఒక షరతు ఉంది. మొత్తం సామానును ఎవరి సాయమూ లేకుండా, ఒకే విడతలో మోయగలగాలి.

ఇంత ఏర్పాటు ఎందుకంటే ఓడకు తీరిక ఉండదు. ఉదయం రేవు చేరిన ఓడ అదే సాయంత్రం కొత్త ప్రయాణికులతో మళ్ళీ బయలుదేరుతుంది. 2024 జనవరిలో మయామి నుంచి తొలి ప్రయాణం మొదలుపెట్టిన ‘ఐకాన్ ఆఫ్ ది సీస్’ అనే ఓడనే తీసుకోండి. ఇరవై అంతస్తులు. గదికి ఇద్దరి లెక్కన చూసినా 5,610 మంది ప్రయాణికులు. మనిషికి రెండు పెట్టెలనుకుంటే పదకొండు వేల పైచిలుకు పెట్టెలు! ఒక్క పూటలో ఆ పెట్టెలన్నీ దిగాలి, ఆ గదులన్నీ శుభ్రం కావాలి. మేమెక్కిన ఓడ అంత పెద్దది కాదు గానీ, తంతు మాత్రం అదే.

రెండు పొరపాట్లు

మా అబ్బాయి చీటీలు తెచ్చి, “నాన్నా, రాత్రికి పెట్టెలు బయట పెట్టేద్దాం” అన్నాడు. నాకు నచ్చలేదు. నా సామాను రాత్రంతా వసారాలో అనామకంగా పడి ఉండటమా? ఎవరో మోయడమా? “నా పెట్టెలు నేనే మోసుకుంటాను” అన్నాను. “ఏమండీ, మీ నడుం సంగతి మరిచిపోయారా?” అంది నా భార్య. మరిచిపోలేదు, ఒప్పుకోవడం ఇష్టం లేదంతే. మాకు రెండు పెద్ద పెట్టెలు, వాటికి తోడు నాసౌ ఊరి గడ్డి బుట్టల బజారులో బంధువులందరి కోసం కొన్న బుట్టల మూట.

ఉదయం ఆరున్నరకు లిఫ్టుల ముందు తిరునాళ్ళలా ఉంది జనం. ఒక్కొక్క లిఫ్టు నిండుగా వచ్చి, నిండుగానే వెళ్ళిపోతోంది. ఓపిక నశించి మెట్ల దారి పట్టాను. రెండంతస్తులు దిగేసరికి నడుం పట్టేసింది. ఒక చేతిలో పెట్టె, మరో చేతిలో పెట్టె, మెడలో బుట్టల మూట. ముందుకు దిగలేను, వెనక్కి ఎక్కలేను. నా వెనుక వచ్చేవాళ్ళంతా ఆగిపోయారు. ఎవరూ ఒక్క మాట అనలేదు గానీ, నా పట్టుదల వల్ల యాభైమంది దారి మూసుకుపోయిందని నాకు అర్థమైంది. చివరికి మా కోడలు పైనుంచి చూసి, చంటిబిడ్డను వాళ్ళాయన చేతికిచ్చి, కిందికొచ్చి ఒక పెట్టె అందుకుంది. “అడిగితే నిన్న రాత్రే చీటీ కట్టేదాన్ని కదా మావయ్యా” అంది. కోపంగా కాదు, నవ్వుతూనే. ఆ నవ్వే నన్ను ఎక్కువ పొడిచింది.

ఇదొక పొరపాటు. ఇంకొకటి కూడా ఆ ఉదయమే చూశాను. ఫలహారశాలలో ఒకాయన రాత్రి దుస్తుల్లో, గదిలో వాడుకునే చెప్పులతో తలవంచుకుని కూర్చున్నాడు. ఆయన ముందురాత్రి ఉత్సాహంగా సర్వం పెట్టెలో సర్దేసి, చీటీ కట్టి బయట పెట్టేశాడట. ఉదయం తొడుక్కోవలసిన బట్టలు, బూట్లు అన్నీ అందులోనే! ఒకసారి పోగుచేసిన పెట్టెను మళ్ళీ వెతికి ఇవ్వడం వాళ్ళ తరం కాదు. అందుకే చీటీలతోపాటు ఒక హెచ్చరిక కూడా ఇస్తారు. మర్నాటి బట్టలు, మందులు, పాస్‌పోర్టు మాత్రం బయట పెట్టకండి, వాటిని చేతి సంచిలో మీరే ఉంచుకోండి అని.

అప్పగించవలసినదాన్ని మోసుకొని నేను మెట్ల మీద ఇరుక్కున్నాను. మోయవలసినదాన్ని అప్పగించేసి ఆయన అందరి ముందు నవ్వులపాలయ్యాడు.

భారం వేరు, బరువు వేరు

గలతీ సంఘానికి రాసిన పత్రిక ఆరో అధ్యాయం చదివినప్పుడల్లా చాలామంది విశ్వాసులకు ఒక సందేహం వస్తుంది. రెండో వచనంలో ఒకరి భారాలు ఒకరు మోయాలంటాడు అపొస్తలుడైన పౌలు. మూడు వచనాలు దాటగానే ఎవరి బరువు వారే మోసుకోవాలంటాడు. పౌలు తనను తానే ఖండించుకున్నాడా?

లేదు. మన తెలుగు బైబిలులో ఒకచోట ‘భారం’ అని, మరోచోట ‘బరువు’ అని అనువదించినట్టే, గ్రీకు మూలంలో కూడా అవి రెండు వేర్వేరు మాటలు. రెండో వచనంలోని మాట ‘బారోస్’. అంటే మనిషిని నలగగొట్టే బరువు. రోగం, అప్పు, శోకం, పాపంలో పడినవాడి సిగ్గు లాంటివి. దాన్ని ఒక్కడే మోయలేడు, మోయకూడదు. ఐదో వచనంలోని మాట ‘ఫోర్తియోన్’. అంటే ఒక్కొక్కరికి కేటాయించిన మూట. ప్రయాణికుడు తన భుజాన వేసుకునే సంచి.

చిత్రమేమిటంటే, ఈ ‘ఫోర్తియోన్’ ఓడలకు చెందిన మాట కూడా. అపొస్తలుల కార్యములు 27:10లో పౌలు తన ఓడ ప్రయాణానికి రాబోయే నష్టాన్ని గురించి హెచ్చరిస్తూ, ఓడలోని సరుకు అనే అర్థంలో అదే మాట వాడాడు. మరింత ఆదరణ కలిగించే సంగతి మరొకటుంది. ప్రయాసపడి అలసిన వారిని తన దగ్గరికి పిలిచిన ప్రభువు, తన భారం తేలికైనదని చెప్పినప్పుడు (మత్తయి 11:30) అక్కడ ఉన్నదీ ఈ మాటే. అంటే ప్రభువు మన చేతులు ఖాళీ చేసి పంపించడు. మనల్ని నలగగొట్టేదాన్ని తీసుకొని, మనం మోయగలిగినదాన్ని మన చేతికిస్తాడు.

ఇంకోచోట కూడా ప్రభువు ఈ మాట వాడాడు. మోయశక్యం కాని మూటలు కట్టి ఎదుటివారి భుజాల మీద పెట్టి, తాము వేలితోనైనా కదిలించని శాస్త్రులను, పరిసయ్యులను గద్దించినప్పుడు (మత్తయి 23:4). తన సంచి పక్కవాడి నెత్తిన పెట్టడం ఆనాడే కాదు, ఈనాడూ ఉంది. మన సంఘాల్లోనూ ఉంది.

నా చీటీ

ఇంతవరకూ వాక్యం చెప్పడం తేలికే. ఇక నా సంగతి చెప్పాలి.

నాకొక తమ్ముడున్నాడు. మా నాన్నగారి భూస్థాపన జరిగిన రోజున, బంధువులందరి ఎదుట, ఇంటి స్థలం పంపకం విషయంలో వాణ్ని నేనొక మాట అన్నాను. ఆ మాట ఇక్కడ రాయలేను. వాడు నా గడప తొక్కడం మానేశాడు. నేను వాడి ఊరి బస్సెక్కడం మానేశాను. పదకొండేళ్ళు అలాగే గడిచాయి. ఆ పదకొండేళ్ళలో ప్రతి డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనలో నేనొక ప్రార్థన చీటీ రాసి కానుకల సంచిలో వేశాను. “మా అన్నదమ్ముల మధ్య సమాధానం కోసం ప్రార్థించండి” అని. ఆ మధ్యలో మా సంఘానికి ముగ్గురు అయ్యగార్లు మారారు. ముగ్గురూ భారంతో ప్రార్థించారు. నా చీటీ మాత్రం మారలేదు.

ఓడ మెట్ల మీద నడుం పట్టుకుని నిలబడ్డప్పుడు, చేతిలో లేని ఆ రంగు చీటీ గుర్తొచ్చి, దాని వెనకే ఈ చీటీ గుర్తొచ్చింది. నేనెంత తెలివైనవాణ్ని! ఇతరులు సంతోషంగా మోసే పెట్టెను పంతానికి నేనే పట్టుకున్నాను. నేను తప్ప ఎవరూ మోయలేని సంచికి చీటీ కట్టి, పదకొండేళ్ళుగా సంఘం తలుపు బయట పెడుతున్నాను. ప్రార్థన తప్పని కాదు. క్షమాపణ అడగవలసిన నోరు నాది. నా బదులు అయ్యగారు అడగలేరు. సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని బలిపీఠం దగ్గర జ్ఞాపకమొస్తే, కానుక అక్కడే విడిచి ముందు వెళ్ళి సమాధానపడమన్నాడు ప్రభువు (మత్తయి 5:23, 24). నేను కానుకతోపాటు ఆ పనిని కూడా అక్కడే విడిచి వచ్చాను.

ఆగస్టులో తిరిగి వచ్చిన రెండో వారం తమ్ముడి ఊరికి వెళ్ళాను. చేతి సంచిలో స్థలం కాగితాలు పెట్టుకున్నాను. సినిమాల్లోలా కౌగిలింతలేమీ జరగలేదు. మరదలు మంచినీళ్ళిచ్చింది. తమ్ముడు చాలాసేపటికి, “కూర్చో అన్నయ్యా” అన్నాడు. ఆనాటి మాట తప్పని, అది అన్నది నేనేనని, నోటితో చెప్పాను. కాగితాలు వాడి ముందు పెట్టాను. వాడు వాటిని ముట్టుకోలేదు. స్థలం సంగతి ఇప్పటికీ తేలలేదు. కానీ క్రిస్మస్‌కు వాడు ఫోను చేశాడు. రెండు నిమిషాలు మాట్లాడాడు. పదకొండేళ్ళ తర్వాత ఆ రెండు నిమిషాలు నాకు తక్కువేమీ కాదు.

ఒడ్డున కట్టెల మోపు

పౌలు ఎక్కిన ఓడ చివరికి ఏమైందో మనకు తెలుసు. తుపానులో సరుకు సముద్రంలో పారవేశారు. మూడో రోజున ఓడ సామగ్రిని తమ చేతులారా విసిరేశారు. ఆఖరికి గోధుమలు కూడా పారబోశారు. ఓడ బద్దలైంది. అందులో ఉన్న 276 మందిలో ఈత వచ్చినవాళ్ళు ముందు దూకారు. మిగిలినవాళ్ళు పలకల మీద, ఓడ చెక్కల మీద ఒడ్డు చేరారు. ఒక్కరి ప్రాణమూ పోలేదు. ఆ రోజు ఎవరి చేతిలోనూ పెట్టె లేదు.

అయితే ఆ వెంటనే ఒక చిన్న సంగతి రాశాడు లూకా. వాన, చలి. మెలితే ద్వీపవాసులు, అంటే నేటి మాల్టా ప్రజలు, నిప్పు రాజేసి అందరినీ చేర్చుకున్నారు. అప్పుడు పౌలు కూర్చుని చలి కాచుకోలేదు. మోపెడు పుల్లలు తానే ఏరి తెచ్చి నిప్పు మీద వేశాడు (అపొ. కార్య. 28:3). ఖైదీ, తడిసి ముద్దయినవాడు, పద్నాలుగు రాత్రులు సముద్రంలో కొట్టుకుపోయినవాడు. ఎవరూ ఆయన్ను అడగలేదు. ఎవరి బరువు వారే మోయాలని రాసిన చేయి, ఆ ఒడ్డున తన వంతు మోపు తాను మోసింది. ఆ మంట వల్ల ఇతరులు వెచ్చబడ్డారు. గలతీ ఆరో అధ్యాయంలోని రెండు వచనాలూ ఆ కట్టెల మోపులో కలిశాయి.

మన అందరి ప్రయాణమూ ఒక రేవు చేరుతుంది. నలగగొట్టే భారాలుంటే దాచుకోకండి. అవమానమనుకోకండి. ప్రభువు మీద వేయండి. సంఘానికి చెప్పండి. మోసే చేతులు ఉన్నాయి. నాలాగా మెట్ల మధ్యలో ఇరుక్కుని వెనుకవాళ్ళ దారి కూడా మూసేయకండి. కానీ తలుపు బయట పెట్టే ముందు ఒక్కసారి పెట్టె తెరిచి చూసుకోండి. అడగవలసిన క్షమాపణ, తీర్చవలసిన బాకీ, నిలబెట్టుకోవలసిన మాట, చూసుకోవలసిన ముసలి తల్లి అందులో ఉంటే, వాటిని తీసి చేతి సంచిలో పెట్టుకోండి. అవి ఎవరూ మన బదులు మోయరు.

మొన్నటి వాచ్‌నైట్‌కు కూడా నేను చీటీ రాశాను. ఈసారి తమ్ముణ్ని మార్చమని రాయలేదు. మళ్ళీ ఆ ఊరి బస్సెక్కే ధైర్యం నాకివ్వమని రాశాను.