ఎంటర్‌ప్రైజ్ అనువర్తనాలలో సింగిల్టన్ భాగాల సురక్షిత వినియోగం: ఉపాధి పనిదినాల లెక్క ఆధారంగా పరిశీలన

వ్యాససంగ్రహం:
సర్వర్‌పై నడిచే అనువర్తనంలో ఒకే ప్రతిగా ఉండి, వచ్చిన అభ్యర్థనలన్నింటికీ సేవలందించే ప్రోగ్రాము భాగాన్ని సింగిల్టన్ అంటారు. దాని ‘ఏకత్వం’ ఎంతవరకు నిజం, లాక్ దేనిని కాపాడుతుంది, దేనిని కాపాడలేదు అనే అంశాలను అనంతపురం జిల్లా ఉపాధి పనిదినాల లెక్క నేపథ్యంలో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: సింగిల్టన్, జావా, థ్రెడ్, లాక్, ట్రాన్సాక్షన్, క్లస్టర్, ఉపాధి హామీ.

1. ఉపోద్ఘాతం:
సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లకు మించని అనంతపురం పీఠభూమిలో, వేరుశనగ ఎండిపోయిన ఏడు కూలిపనే కుటుంబానికి ఆధారం. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న ఈ జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలోనే ప్రారంభమైంది. 2005 నాటి చట్టం ఒక్కో గ్రామీణ కుటుంబానికి ఏడాదికి 100 పనిదినాలకు హామీ ఇచ్చింది. కరవు ప్రాంతాలుగా ప్రకటించిన చోట్ల అదనంగా 50 దినాలకు తరువాత వీలు కల్పించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మస్టర్ల నమోదు, కూలి చెల్లింపుల లెక్క టీసీఎస్ రూపొందించిన సాఫ్ట్‌వేర్ ద్వారా సాగాయి. ఇక్కడి ఉదాహరణలు ఆ సాఫ్ట్‌వేర్ అంతర్నిర్మాణానికి సంబంధించినవి కావు. అటువంటి లెక్క చేసే ఏ అనువర్తనానికైనా వర్తించే ఊహాత్మక సందర్భాలు.

2. సింగిల్టన్ - స్వరూపం:
ఒక తరగతికి ఒకే వస్తువు ఉండాలన్న రూపకల్పన పద్ధతి 1994 నాటి ‘డిజైన్ ప్యాటర్న్స్’ గ్రంథంతో ప్రసిద్ధమైంది. 2009లో వెలువడిన జావా ఈఈ 6లోని ఎంటర్‌ప్రైజ్ జావా బీన్స్ 3.1 దీనిని సర్వర్ భాగంగా ప్రవేశపెట్టింది. ఇక్కడ వస్తువును సృష్టించే బాధ్యత ప్రోగ్రామరుది కాదు, కంటెయినర్‌ది. స్టేట్‌లెస్ బీన్‌కు అనేక ప్రతులుంటాయి. ఒక్కో ప్రతి ఒక సమయంలో ఒక్క అభ్యర్థననే చూస్తుంది. సింగిల్టన్ విషయంలో వందలాది థ్రెడ్‌లు ఒకే ప్రతిని ఆశ్రయిస్తాయి. మండలాల జాబితా, కూలి రేట్లు, పనిదినాల పరిమితి వంటి తరచు చదివే, అరుదుగా మారే సమాచారానికి ఇది తగినది.

3. లాక్ - పరిధి:
వేరుగా సూచించకపోతే కంటెయినర్ ప్రతి మెథడ్‌కూ రైట్ లాక్ వర్తింపజేస్తుంది. అంటే ఒక థ్రెడ్ పని ముగిసేవరకు మిగిలినవి వేచి ఉండాలి. ఇది క్షేమకరమే కాని, కూలి రేటు చదవడానికి సైతం అందరినీ వరుసలో నిలబెడుతుంది. చదివే మెథడ్‌లకు రీడ్ లాక్, మార్చే మెథడ్‌లకు రైట్ లాక్ ప్రకటించడం సరైన పద్ధతి. వేచి ఉండే కాలానికి గడువు విధించాలి. బ్యాంకు సర్వర్‌ను సంప్రదించడం వంటి జాప్యమయ్యే పనులను రైట్ లాక్ లోపల చేయరాదు.

మరొక జాగ్రత్త కూడా అవసరం. మెథడ్ ముగియగానే లాక్ తొలగిపోతుంది. రేట్ల పట్టికనే నేరుగా బయటికి ఇస్తే, పిలిచినవారి చేతిలో అది లాక్ లేకుండా మిగులుతుంది. అందువల్ల మార్చడానికి వీలులేని ప్రతినే ఇవ్వాలి. కొత్త రేట్లు వచ్చినప్పుడు పాత పట్టికను సవరించక, కొత్త పట్టికను పూర్తిగా సిద్ధం చేసి ఒక్కసారిగా దాని స్థానంలో నిలపాలి.

4. లాక్ కాపాడలేనివి:
(అ) రోల్‌బ్యాక్: ఒక కుటుంబం 80 దినాలు వాడుకుందనుకుందాం. భార్య చేసిన 6 దినాలను సింగిల్టన్ తన జ్ఞాపకంలో కలిపి 86 చేసింది. అంతలో డేటాబేస్ ట్రాన్సాక్షన్ విఫలమైంది. డేటాబేస్ 80కి తిరిగి వస్తుంది. జ్ఞాపకంలోని 86 అలాగే ఉంటుంది. కంటెయినర్ ఆ విలువను వెనక్కి తీసుకోదు. కుటుంబం చేయని 6 దినాల హక్కును కోల్పోతుంది.

(ఆ) క్లస్టర్: సింగిల్టన్ ఒక జావా యంత్రానికి ఒకటే కాని, సంస్థ మొత్తానికి ఒకటి కాదు. రెండు సర్వర్లుంటే రెండు సింగిల్టన్లుంటాయి. భార్య మస్టర్ ఒక సర్వర్‌కు, భర్త మస్టర్ మరొక సర్వర్‌కు ఒకేసారి చేరితే, రెండూ 80 చూసి రెండూ 86 అని రాస్తాయి. ఉండవలసినది 92. ఆ లెక్క ఆధారంగానే బిల్లు తయారైతే 6 దినాల కూలి మాయమవుతుంది.

(ఇ) పాతబడిన విలువ: మండలాన్ని కరవు ప్రాంతంగా ప్రకటించగా పరిమితి 150కి పెరిగింది. ఒక సర్వర్ కొత్త విలువను చదివింది, మరొకటి చదవలేదు. ఒకే ఊరివారిలో ఒకరికి పని దొరికి, మరొకరికి 100 దాటాయన్న తిరస్కారం ఎదురవుతుంది. కార్యాలయంలో అడిగితే ‘కంప్యూటర్ ఒప్పుకోలేదు’ అన్న సమాధానమే వినిపిస్తుంది.

5. సురక్షిత మార్గాలు:
ఒక కుటుంబానికి చెందిన లెక్క సింగిల్టన్‌లో ఉండరాదు. అది డేటాబేస్‌లోనే ఉండాలి. విలువను చదివి, కలిపి, తిరిగి రాసే బదులు ‘ఉన్నదానికి 6 కలుపు’ అన్న ఒకే ఆదేశాన్ని ఇవ్వాలి. పరిమితి తనిఖీనీ ఆ ఆదేశంలోనే షరతుగా చేర్చాలి. లేదా ప్రతి వరుసకూ వెర్షన్ సంఖ్య ఉంచి, అది మధ్యలో మారి ఉంటే ప్రయత్నాన్ని మొదటినుండి చేయాలి. కూలీ, తేదీ జంటకు డేటాబేస్‌లో ఏకత్వ నిబంధన పెడితే ఒకే హాజరు రెండుసార్లు నమోదు కాదు. సింగిల్టన్‌లోని పరిమితి తెరపై చూపడానికే ఉపయోగపడాలి. పని నిరాకరించే ముందు డేటాబేస్‌ను తిరిగి సంప్రదించాలి. ఒక నిరాకరణ ఖరీదుతో పోలిస్తే ఆ అదనపు ప్రశ్న ఖరీదు స్వల్పం.

6. ముగింపు:
1. సింగిల్టన్ ఏకత్వం ఒక జావా యంత్రానికే పరిమితం.
2. లాక్ జ్ఞాపకంలోని విలువను కాపాడుతుంది. డేటాబేస్ సత్యాన్ని కాపాడదు.
3. సర్వర్‌ను ఆపి తిరిగి ప్రారంభిస్తే డేటాబేస్ నుండి మళ్లీ నిర్మించుకోగల సమాచారాన్నే సింగిల్టన్‌కు అప్పగించాలి. పోతే తిరిగిరానిది ఏదైనా దానిలో ఉన్నదంటే, ఆ రూపకల్పనలోనే లోపమున్నట్లు గ్రహించాలి.