సరకు చేరవేత: సొంత బండియా, బాడుగ బండియా?

మా షోలాపురమున సాంచాల చప్పుడు వినబడని వీథులు తక్కువ. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి వచ్చి తరతరములుగా ఇచట స్థిరపడిన మన పద్మశాలీల చేతిమీదుగా పెరిగిన చద్దరులు, తువ్వాళ్ళు నేడు భౌగోళిక గుర్తింపు పొందిన సరకులు. మా బడిపిల్లలలో పెక్కురు ఆ ఇండ్లవారే. నేతను గూర్చి వారికి మేము చెప్పవలసినది లేదు. కాని నేసిన సరకు కొనువాని అంగడికి ఎట్లు చేరవలయునను విషయమై ఆ ఇండ్లలో తరచు వాదములు జరుగుచుండును. సొంతముగా లారీ నుంచుకొనుటయా? ఆ పనిని రవాణా సంస్థ కప్పగించుటయా? క్రిందటి సంవత్సరము మా పూర్వవిద్యార్థి యొకడు ఈ సందేహముతోనే మా కడకు వచ్చెను. పాత లారీ మూలబడినది. క్రొత్తది కొనుటకు అప్పు చేయవలయును. తండ్రి కొనుమనును, కొడుకు వలదనును. మేము లెక్కల పంతులుగా వృత్తి నారంభించినవారము గాన, అతనితో కూర్చుండి కాగితముపై వేసి చూచితిమి.

ఈ ప్రశ్న ఇటీవల పదునెక్కుటకు ఒక కారణము కలదు. 2017 జూలై 1వ తేదీన జి.ఎస్.టి. వచ్చుటకు పూర్వము, ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు అమ్మిన సరకుపై కేంద్ర అమ్మకపు పన్ను పడుచుండెను. దానిని తప్పించుకొనుటకై పెద్ద వర్తకులు రాష్ట్రమున కొక గిడ్డంగి నుంచి, సరకును తమ పేరనే అచటికి పంపుకొని, అచట అమ్ముచుండిరి. ఆ పద్ధతి మారిన పిమ్మట అన్ని గిడ్డంగుల అవసరము లేకపోయెను. గిడ్డంగులు తగ్గినకొలది మూట ప్రయాణము చేయు దూరము పెరుగును. అద్దెలో మిగిలిన సొమ్ము బండి ఖర్చులో పోవుచున్నదేమో చూచుకొనక తప్పదు.

ఇక లెక్క. షోలాపురమునుండి హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. ఈ క్రింది రూపాయల అంకెలు అంగడి ధరలు కావు. లెక్కకు సులభముగా నుండుటకు సర్దుకొన్నవి. అప్పుపై వడ్డీ, బండి అరుగుదల, బీమా, పన్ను, పర్మిటు, డ్రైవరు జీతము, ఇవన్నియు కలిసి బండి కదలినను కదలకున్నను నెలకు 72,000 రూపాయలనుకొందము. డీజిలు, టోలు, టైరులు కలిసి కిలోమీటరునకు 20 రూపాయలు. పోయివచ్చుటకు 600 కిలోమీటర్లు గనుక 12,000. బాడుగ లారీ అదే సరకును చేర్చుటకు 18,000 అడిగినచో, సొంత బండివలన ప్రయాణమునకు 6,000 మిగులును. 72,000ను 6,000చేత భాగింప 12 వచ్చును. అనగా నెలకు 12 నిండు లోడులున్నచో సరికి సరి. పదమూడవ లోడునుండి లాభము. మా శిష్యునికి సగటున నెలకు 7 లోడులే. సొంత బండికి 1,56,000, బాడుగకు 1,26,000. నెలకు 30,000 రూపాయలు తేడా!

ఈ తేడా ఎచటనుండి వచ్చినది? 12,000 రూపాయలలో సగము ఖాళీ బండిని ఇంటికి తెచ్చుకొనుటకే పోయినది. బాడుగవాడు హైదరాబాదులో మరియొకరి సరకు నెక్కించుకొని తిరిగివచ్చును. అతడు చౌకగా మోయగలుగుట అందువలననే. తిరుగు సరకు దొరకని దారిలో అతడును ఎక్కువ అడుగును. కావున "అప్పగించుట లాభమా?" అని వ్యాపారమంతటికి కలిపి అడుగరాదు, దారి దారికి వేరుగా అడుగవలయును.

తండ్రి ఈ కాగితమును చూచి, "మన డ్రైవరు పదునొకండు సంవత్సరములుగా ప్రతి అంగడి మెట్లు ఎక్కినవాడు. సరకు దింపి, బాకీ వసూలు చేసి, క్రొత్త బేరము తెచ్చును. బాడుగవాడు తెచ్చునా?" అనెను. మాకు వెంటనే జవాబు తోచలేదు. ఆయన మాట సత్యమే. ఆ పనికి మా కాగితములో గడి లేదు. రవాణాను అప్పగించుటకు ముందు, ఆ బండితో పాటు ఇంకేమేమి పనులు జరుగుచున్నవో వ్రాసికొని, వానిని ఎవరు చేయవలయునో నిర్ణయింపనిచో లెక్క తప్పును.

మరియొక సంగతి. చద్దరులు, తువ్వాళ్ళు బరువు తక్కువ, చోటెక్కువ. పార్సెలు సంస్థలు పెక్కు, పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5,000చేత భాగించి, అసలు బరువుకంటె అది హెచ్చైనచో దానికే బాడుగ కట్టుదురు. 60, 50, 40 కొలతల పెట్టెలో 15 కిలోల సరకున్నను 24 కిలోలకు చెల్లింపవలయును. అదే సరకును అదిమి ఎత్తును 25కు తగ్గించినచో 15 కిలోలకే. బేరమాడుటకంటె మూట కట్టుటలో మిగులు ఎక్కువ కావచ్చును.

చట్టము సంగతి మేము అనుభవముచే నేర్చితిమి. మూడేండ్ల క్రిందట బహుమతి పుస్తకములను విజయవాడనుండి లారీ పార్సెలులో తెప్పించితిమి. వెల 9,000, బాడుగ 320. అవి వానకు తడిసివచ్చినవి. రసీదులో సరకు విలువ గడి ఖాళీ! 2007 నాటి రోడ్డు రవాణా చట్టము, 2011 నాటి నియమముల ప్రకారము, హెచ్చు బాధ్యతకై హెచ్చు రేటు చెల్లించుటకు ఒప్పుకొననిచో మోయువాని బాధ్యత బాడుగకు పది రెట్లు మించదు. 3,200 రూపాయలు దక్కినవి. నష్టమును గూర్చిన వ్రాతపూర్వకమైన నోటీసు, సరకును రవాణాకు బుక్ చేసిన దినమునుండి 180 దినములలోపల చేరవలయును. అది సకాలమున వ్రాసితిమి గనుకనే ఆ మాత్రమైనను వచ్చినది. అట్టలుబ్బిన పుస్తకములనే పిల్లలకు పంచితిమి. కావున రసీదుపై విలువ వ్రాయించుట, దారి బీమా తీసికొనుట బాడుగ లెక్కలోనే చేర్చవలయును. 50,000 రూపాయలు మించిన సరకునకు వలయు ఇ-వే బిల్లును రవాణావాడే పుట్టించినను, అందలి విలువ, చిరునామా మనము చెప్పినవే. 200 కిలోమీటర్లకు ఒక దినము చొప్పున దాని గడువు. హైదరాబాదుకు రెండు దినములు. బండి నెక్కించుటలో ఆలసించినచో ఆ గడువు దారిలోనే తీరిపోవును.

తుదకు ఆ ఇంటివారు హైదరాబాదు, ముంబయి దారులను రవాణా సంస్థకిచ్చిరి. అద్దకమునుండి సాంచాలకు, అచటనుండి కుట్టుపనికి, పార్సెలు ఆఫీసుకు దినమునకు పలుమార్లు తిరుగు ఊరిలోని పనికి చిన్న బండి నుంచుకొనిరి. పాత డ్రైవరు దానిని నడుపుచు, నెలకొకమారు బస్సులో హైదరాబాదు పోయి బాకీలు వసూలు చేయుచున్నాడు. దూరప్రయాణపు బత్తా పోయినందుకు అతడు నొచ్చుకొనెను. జీతము కొంత పెంచిరిగాని పూర్తిగా పూడలేదు. ఏటేట మే సెలవులలో మరల లెక్క వేయవలయునని మేము చెప్పితిమి. డీజిలు ధరయో, లోడుల సంఖ్యయో మారినచో ఆ 12 అను అంకెయు మారును.