ఆ రాళ్ళనూ పలకరించేవాళ్ళున్నారు

"అమ్మమ్మా, ఆదివారం శ్మశానానికి వెళ్దామా?" అన్నాడు మా పదేళ్ళ మనవడు. చేతిలో కాఫీ ఒలికినంత పనయింది. "అవేం మాటలురా!" అని కసిరాను. మా అమ్మాయి నవ్వేసింది. "వీడికదో ఆటమ్మా. ఒక్కసారి వచ్చి చూడు, తర్వాత తిడుదువుగాని" అంది.

మా అమ్మాయి వాళ్ళుండేది అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలో. ఆ ఆట పేరు జియోక్యాషింగ్. ఎవరో ఒకరు చిన్న డబ్బాలో ఓ పుస్తకం పెట్టి ఎక్కడో దాస్తారు. ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెడతారు. మిగతావాళ్ళు జీపీఎస్ సాయంతో వెతికి, పుస్తకంలో సంతకం చేసి, డబ్బాని ఉన్నచోటే పెట్టేస్తారు. 2000 మే 3న ఒరెగాన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే ఆయన ఓ బకెట్ దాచడంతో ఇది మొదలైంది.

ఇండియానాలో ‘స్పిరిట్ క్వెస్ట్’ పేరుతో పాత శ్మశానాల కోసమే ఒక వరుస పెట్టారు. 19వ శతాబ్దంలో అక్కడ అడవి కొట్టి సేద్యం మొదలుపెట్టిన కుటుంబాలు తమవాళ్ళను పొలం పక్కనే పాతిపెట్టుకునేవి. తర్వాతి తరాలు తలోచోటికీ వెళ్ళిపోయాయి. రాళ్ళు మాత్రం మొక్కజొన్న చేల మధ్య మిగిలాయి. ఆట పేరుతోనైనా ఎవరో ఒకరు వచ్చి ఆ పేర్లు చదవాలన్నది వీళ్ళ ఆలోచన.

బయల్దేరానే గానీ గేటు దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. మా అమ్మ పోయినప్పుడు నన్ను వీధి మలుపు దాకానే రానిచ్చారు. ‘ఆడవాళ్ళు అక్కడికి రాకూడదు’ అని మా పెదనాన్న వెనక్కి పంపేశారు. ఇన్నేళ్ళకు, ఇన్ని సముద్రాలు దాటి, నేను మొదటిసారి కాలుపెట్టిన శ్మశానం ఇది.

లోపల పాతిక రాళ్ళకంటే లేవు. వాటి మీది సంవత్సరాల్లోంచి అంకెలు ఏరి కూడితేనే డబ్బా ఉన్న చోటు తెలుస్తుంది. అంటే రాళ్ళన్నీ చదవాల్సిందే! మనవడు రాసుకుంటుంటే నేనూ వంగి చదవసాగాను.

ఒక రాయి దగ్గర ఆగిపోయాను. భర్త పేరు స్పష్టంగా ఉంది. ఆవిడ పేరు మాత్రం నాచులో కలిసిపోయింది. ‘ఫలానా వారి భార్య, వయసు 24 ఏళ్ళ 3 నెలల 9 రోజులు’ అని ఉంది. పక్కనే గొర్రెపిల్ల బొమ్మ చెక్కిన చిన్న రాయి. ఆ బొమ్మ ఉంటే పసిబిడ్డ అని గుర్తట. రెండింటి మీదా ఒకే నెల. ఇక చెప్పేదేముంది? పురిటి గండం ఏ దేశంలోనైనా ఒకటే. రోజులతో సహా లెక్కపెట్టుకున్నారంటే ఆ ఇంట్లో ఎంత ఏడ్చారో!

గోటితో నాచు గీకబోయాను. "వద్దమ్మా, పాత రాయి, పెచ్చులూడిపోతుంది" అంటూ మా అమ్మాయి బ్యాగులోంచి అద్దం తీసి, ఎండను పక్కనుంచి రాయి మీదికి మళ్ళించింది. మెల్లగా అక్షరాలు తేలాయి. మనవడు ఆవిడ పేరు పైకి చదివాడు. నాకు ఒళ్ళు జలదరించింది.

సమాధుల దగ్గర ఆటలేమిటని కోప్పడేవాళ్ళూ ఉన్నారు. 2005లో సౌత్ కరోలినా శాసనసభలో దీన్ని ఆపాలని బిల్లు కూడా పెట్టారు. ఆ కోపంలోనూ న్యాయం ఉంది. అందుకే మావాళ్ళు కొన్ని పద్ధతులు పాటిస్తారు. తవ్వరు, రాళ్ళకు ఆనుకోరు, పొద్దుగూకాక ఉండరు. మాకు దొరికిన డబ్బా కూడా కంచె బయట, చెట్టు మొదట్లోనే ఉంది. అందులోని పుస్తకంలో నేను తెలుగులో సంతకం చేశాను.

మా బందరులో 17వ శతాబ్దం నాటి డచ్చివాళ్ళ సమాధులున్నాయి. చిన్నప్పుడు ఆ దారిన తల తిప్పుకుని పోయేదాన్ని. ఈసారి వెళ్ళినప్పుడు ఒక్క పేరైనా చదివి రావాలనుకుంటున్నాను.

మా అమ్మకు రాయి లేదు. తిరిగొస్తూ కారులో "మీ అమ్మ పేరేంటి అమ్మమ్మా?" అని మనవడు అడిగేదాకా, వాడికి ఆ పేరే తెలియదని నాకు తట్టలేదు. ఇంటికి రాగానే వాడి నోటుపుస్తకంలో అమ్మ పేరు, పుట్టిన ఊరు, పోయిన తేదీ రాసిచ్చాను.

మరి మీ మనవలకు మీ అమ్మ పేరు తెలుసా?