ప్రోమోలో పులి.. షోలో పిల్లి: టీవీ హంగామాతో పోతున్నది నమ్మకమే

యాంకర్ కళ్లు తుడుచుకుంటూ ఉంటుంది. జడ్జి కుర్చీలోంచి విసురుగా లేచి వెళ్లిపోతాడు. వెనక గుండె దడదడలాడించే మ్యూజిక్. అసలేం జరిగిందో తెలియాలంటే ఆదివారం రాత్రి 9 గంటల దాకా ఆగాలి అంటూ ప్రోమో అయిపోతుంది. తీరా ఆదివారం ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుంటే తేలేదేంటి? యాంకర్ ఏడ్చింది ఒక స్కిట్ చూసి. జడ్జి లేచి వెళ్లింది ప్రాంక్‌లో భాగంగా. తెలుగు ఎంటర్‌టైన్‌మెంట్ షోలు చూసే ఇళ్లలో ఈ అనుభవం కొత్తేమీ కాదు. సరదాకే కదా, ఎవరి సొమ్ము పోయిందని అనుకోవచ్చు. సొమ్ము పోలేదు నిజమే, పోయింది వేరే.

అసలు చానళ్లు ఇలా ఎందుకు చేస్తాయన్నది చూడాలి. దేశంలో టీవీ రేటింగ్‌లను బార్క్ అనే సంస్థ లెక్కిస్తుంది. ఎంపిక చేసిన కొన్ని వేల ఇళ్లలో మీటర్లు పెట్టి, ఎవరు ఏ చానల్ ఎంతసేపు చూశారో నమోదు చేస్తుంది. యాడ్స్ ధర ఈ లెక్కల మీదే ఆధారపడుతుంది. అయితే ఆ మీటర్‌కు తెలిసేది జనం చూశారా లేదా అన్నదే. చూసి సంతోషించారా, తిట్టుకుంటూ లేచారా అన్నది దానికి పట్టదు. అందుకే ప్రోమో కట్ చేసేవాళ్లకు షోలో ఏముందన్నది అంత ముఖ్యం కాదు. ఆ టైమ్‌కు జనాన్ని కూర్చోబెట్టగలిగితే వాళ్ల పని అయిపోయినట్టే.

ఈ ఆటలో అందరూ చెప్పుకునే ఉదాహరణ అమెరికాలో జరిగింది. షికాగోలోని లెక్సింగ్టన్ హోటల్ ఒకప్పుడు మాఫియా డాన్ అల్ కపోన్ అడ్డా. దాని నేలమాళిగలో అతని రహస్య ఖజానా ఉందని ఊదరగొట్టి, 1986 ఏప్రిల్ 21న రెండు గంటల లైవ్ షో పెట్టారు. హోస్ట్ గెరాల్డో రివేరా. శవాలు బయటపడితే చూడటానికి డాక్టర్‌ను, డబ్బు దొరికితే లెక్కగట్టడానికి ఆదాయపు పన్ను అధికారులను కూడా పక్కనే నిలబెట్టారు. దాదాపు 3 కోట్ల మంది చూశారని అంచనా. గోడ పేల్చాక కనిపించింది మట్టి, కొన్ని ఖాళీ సీసాలు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటాం, ఇక్కడ ఆ ఎలుక కూడా లేదు. కానీ రేటింగ్ పరంగా ఆ షో పెద్ద హిట్! రివేరాకు మరుసటి ఏడాది సొంత టాక్ షో కూడా వచ్చింది. ఇన్నేళ్లయినా ఖాళీ ఆర్భాటం అనగానే అమెరికన్లు గుర్తు చేసుకునేది ఆ ఖజానానే. లాభం వెంటనే కనిపిస్తుంది, నష్టం మెల్లగా వస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది.

మన దేశానికి వద్దాం. 2020లో సోనీ టీవీ ‘ఇండియన్ ఐడల్’ 11వ సీజన్‌లో హోస్ట్ ఆదిత్య నారాయణ్‌కు, జడ్జి నేహా కక్కర్‌కు పెళ్లంటూ వారాల తరబడి హడావుడి నడిచింది. ఇద్దరి తల్లిదండ్రులనూ స్టేజ్ మీదకు తెచ్చారు. ఫిబ్రవరి 14న ముహూర్తం అన్నారు. ఆ రోజు వచ్చింది, పోయింది, పెళ్లి మాత్రం లేదు. ఇదంతా రేటింగ్ కోసమే అయి ఉండొచ్చని ఆదిత్య తండ్రి, గాయకుడు ఉదిత్ నారాయణే మీడియాతో అన్నారు. అదే ఏడాది చివర్లో నేహా, ఆదిత్య వేర్వేరుగా తమకు నచ్చినవాళ్లను పెళ్లి చేసుకున్నారు. ఈ కబురు నిజమని నమ్మి ముందే శుభాకాంక్షలు చెప్పినవాళ్లు ఎంతమందో!

తర్వాతి సీజన్‌లో ఆ ఖర్చు వేరేవాళ్ల మీద పడింది. 2021లో కిశోర్ కుమార్ పాటలతో ప్రత్యేక ఎపిసోడ్ చేశారు. అతిథిగా వచ్చిన ఆయన కొడుకు అమిత్ కుమార్ బయటికొచ్చాక అసలు సంగతి చెప్పేశారు: ఎవరు ఎలా పాడినా పొగడమని తనకు ముందే చెప్పారట. ఆ మాటతో పెద్ద దుమారం లేచింది. ఆ సీజన్‌లో విశాఖపట్నం అమ్మాయి షణ్ముఖప్రియ ఫైనల్ దాకా వెళ్లింది. ఏళ్ల తరబడి సాధన చేసి వచ్చిన పిల్లలు వాళ్లు. పొగడ్త ఆర్డర్ మీద తయారవుతుందని తెలిశాక, నిజంగా బాగా పాడినవాళ్లకు దక్కిన చప్పట్లనూ జనం అనుమానంగానే చూస్తారు కదా. అబద్ధం ఆడింది ఒకరు, అనుమానం మోసేది ఇంకొకరు.

పాటల పోటీ దాకా అయితే ఇంత చర్చ అక్కర్లేదు. ఇదే అలవాటు వార్తల్లోకి వచ్చేసింది. 2016 నవంబర్‌లో కొత్త 2,000 నోటులో నానో చిప్ ఉందని కొన్ని చానళ్లు గంటల కొద్దీ ఊదరగొట్టాయి. నోటులో కాగితం, సిరా తప్ప చిప్ ఏదీ లేదు. 2020 అక్టోబర్‌లో టీఆర్‌పీల్లో అక్రమాలు జరిగాయన్న ఆరోపణలు రావడంతో బార్క్ న్యూస్ చానళ్ల రేటింగ్‌లనే ఆపేసింది. అవి మళ్లీ మొదలైంది 2022 మార్చిలో.

ఇక 2025 మే. భారత్, పాకిస్తాన్ మధ్య దాడులు జరుగుతున్న ఆ రాత్రుల్లో కొన్ని జాతీయ చానళ్లు కరాచీ పోర్టు ధ్వంసమైందనే దాకా వెళ్లాయి. అది నిజం కాదని తర్వాత తేలింది. స్టూడియోల్లో సైరన్ మోత మాత్రం ఆగలేదు. చివరికి మే 10న కేంద్ర హోంశాఖ పరిధిలోని పౌర రక్షణ విభాగం చానళ్లకు ఒక సూచన పంపాల్సి వచ్చింది. అవగాహన కార్యక్రమాల్లో తప్ప వైమానిక దాడి సైరన్ శబ్దం వాడొద్దన్నది దాని సారాంశం. కారణం కూడా చెప్పారు. రోజూ టీవీలో వింటూ ఉంటే, నిజంగా దాడి జరిగి సైరన్ మోగినప్పుడు కూడా జనం దాన్ని చానళ్ల మామూలు గోలే అనుకునే ప్రమాదం ఉందట.

చిన్నప్పుడు విన్న ‘నాన్నా పులి’ కథ ఇదే కదా. కాకపోతే ఆ కథలో అబద్ధమాడిన పిల్లాడే పులికి చిక్కాడు. ఇక్కడ చిక్కేది స్టూడియోలో ఉన్నవాళ్లు కాదు. వాతావరణ శాఖ తన హెచ్చరికలకు ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు అని నాలుగు రంగులు పెట్టుకుంది. ఎరుపు అన్నింటికన్నా తీవ్రమైనది, వెంటనే కదలమని. టీవీ తెర మీద మాత్రం సినిమా హీరో కొత్త కారు కొన్నా ఎరుపే, బంగాళాఖాతంలో తుపాను లేచినా ఎరుపే. అందుకే కోస్తాలో ఎన్నో ఇళ్లలో ఇప్పుడు బ్రేకింగ్ న్యూస్ రాగానే సామాన్లు సర్దుకోరు. ముందు తెలిసినవాళ్లకు ఫోన్ చేసి, ‘టీవీలో ఏదో అంటున్నారు, నిజమేనా’ అని అడుగుతారు.