మొదటి పది లెవెళ్ళు

ఈసారి సంచికకి "టెక్నాలజీ మీద ఏదైనా రాయండి" అని సంపాదక మిత్రులు ఫోన్ చేసినప్పుడు, క్లౌడ్ గురించో సైబర్ సెక్యూరిటీ గురించో రాస్తాననుకుని ఉంటారు పాపం. పగలంతా ఆఫీసులో అవే నములుతూ, రాత్రి కూర్చుని మళ్ళీ వాటి మీదే రాసే ఓపిక నాకు లేదు. అందుకని ఒక వీడియో గేమ్ గురించి రాస్తున్నాను. మన అబ్బాసియాలో ఏ బిల్డింగ్‌లో చూసినా తలుపు వెనకాల ఒక పిల్లాడు, వాడి ముందొక స్క్రీన్, వాడి వెనకాల "కట్టేస్తావా లేదా" అని అరిచే అమ్మ ఉంటారు కాబట్టి, విషయం మనకి మరీ దూరమైనదేమీ కాదు.

రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే ఏమిటో తెలియని పెద్దలకి రెండు ముక్కలు. మీకొక పాత్ర ఇస్తారు. మొదట్లో అది ఎందుకూ కొరగాదు, గట్టిగా గాలొస్తే పడిపోతుంది. రాక్షసుల్ని చంపేకొద్దీ దానికి అనుభవం పాయింట్లు వస్తాయి. అవి కొంత పోగయ్యాక లెవెల్ పెరుగుతుంది, బలం పెరుగుతుంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అని కాగితం, పెన్సిలు, పాచికలతో ఆడే ఆట తెచ్చారు. ఈ లెవెళ్ళ లెక్కంతా అక్కణ్ణించి కంప్యూటర్లలోకి దిగిందే.

నాకు తెలిసిన ఆట డయాబ్లో 2. బ్లిజార్డ్ వాళ్ళు 2000 జూన్‌లో విడుదల చేశారు. నేను తిరుపతిలో ఎం.సి.ఎ. చేస్తున్న రోజులవి. హాస్టల్లో ఆరుగురికి ఒక కంప్యూటర్, మూడు సీడీల ఆట. ఆ సీడీలు ఎక్కణ్ణించి వచ్చాయని మాత్రం అడక్కండి. డేటా స్ట్రక్చర్స్ పరీక్షకి ముందురోజు కూడా ఆడి, అందులో వచ్చిన మార్కులు మా నాన్నగారికి చెప్పకుండా దాచిన చరిత్ర నాది. 2002లో ఉద్యోగం వచ్చింది, ఆట మానేశాను. మానేసినా, ఆటలో నాకు తెలియనిది లేదన్న గర్వం మాత్రం అలాగే ఉండిపోయింది. దాని సంగతి ముందు ముందు వస్తుంది.

ఇక 2020కి వద్దాం. మార్చి ఒకటి నుంచి స్కూళ్ళు లేవు. ఏప్రిల్ 6న జలీబ్ అల్ షుయూఖ్‌నీ, మహబూలానీ పూర్తిగా మూసేశారు. మన అబ్బాసియా జలీబ్‌లోనిదే కదా, లోపలివాళ్ళం లోపలే. ఆ వేసవి ఇక్కడ గడిపినవాళ్ళకి నేను చెప్పాల్సిన పని లేదు. మా ఆవిడ నర్సు. డ్యూటీకి పోయి రావడం కుదరక, ఒక బ్యాగు సర్దుకుని హాస్పిటల్ వాళ్ళు ఇచ్చిన వసతికి వెళ్ళిపోయింది. ఇంట్లో నేనూ, పద్నాలుగేళ్ళ మా వాడూ మిగిలాం. నాకు వంటంటే అన్నం, పప్పు, గుడ్డు. వాడికి మాటలంటే "ఊఁ", "లేదు", "తర్వాత". రాత్రి తొమ్మిదికి వీడియో కాల్‌లో అమ్మ కనబడితే మాత్రం ఆ మాస్కు గుర్తులు పడ్డ ముఖాన్నే చూస్తూ ఉండేవాడు. ఏమీ అడిగేవాడు కాదు.

ఏదో ఒకటి చెయ్యాలని డయాబ్లో 2 కొన్నాను. (ఈసారి డబ్బులిచ్చే, డౌన్‌లోడ్!) ఇరవై ఏళ్ళనాటి ఆట కాబట్టి మా ఇంట్లో ఉన్న ముసలి డెస్క్‌టాప్‌లో కూడా చక్కగా నడిచింది. పదిహేడేళ్ళు దాటినవాళ్ళకి అని దాని మీద రేటింగ్ ఉంది. ఆ మాట మా ఆవిడకి చాలా రోజులు చెప్పలేదు, ఇప్పుడు ఈ పత్రికలో చదువుకుంటుంది.

మా వాడు సోర్సరెస్‌ని ఎంచుకున్నాడు, అంటే మంత్రగత్తె. చూడ్డానికి బాగుంటుంది గానీ మొదట్లో బతికించడం కష్టం. బలం 10, వైటాలిటీ 10, ప్రాణం 40. అదే బార్బేరియన్ అయితే బలం 30, వైటాలిటీ 25తో పుడతాడు. లెవెల్ పెరిగినప్పుడల్లా ఐదు స్టాట్ పాయింట్లు, ఒక స్కిల్ పాయింట్ ఇస్తారు. వాటిని ఎక్కడ ఖర్చుపెడతామన్న దాంట్లోనే ఉంది కిటుకంతా. నేను గురువుగారి ఫోజు పెట్టి వాడికి రెండు సూత్రాలు చెప్పాను. ఒకటి, మంత్రగత్తె కాబట్టి స్టాట్ పాయింట్లన్నీ మంత్రశక్తికి, అంటే ఎనర్జీకి వెయ్యి. రెండు, స్కిల్ పాయింట్లు ముట్టుకోకు, దాచు. చిన్న చిన్న మంత్రాలకి ఖర్చుపెడితే పన్నెండో లెవెల్లో ఫైర్ బాల్ వచ్చినప్పుడు చేతిలో ఏమీ ఉండదు. ఒక్కసారి వేసిన పాయింటు మళ్ళీ వెనక్కి రాదు. మా హాస్టల్లో అందరం అలాగే పిసినారుల్లా దాచేవాళ్ళం. ముప్పయ్యో లెవెల్లో వచ్చే ఫ్రోజెన్ ఆర్బ్ కోసం నోరు కట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

రెండు వారాలు గడిచాయి. నేను ఆఫీసు కాల్స్‌లో ఉంటే పక్క గదిలోంచి మౌస్ క్లిక్కులు వినబడుతూనే ఉండేవి. ఒకరోజు టీ తీసుకెళ్ళి చూద్దును కదా, వాడింకా బ్లడ్ మూర్‌లోనే ఉన్నాడు. ఆటలో ఊరు దాటగానే వచ్చే మొదటి మైదానం అది. కుంటి జాంబీలు, మరుగుజ్జు పిశాచాలు, ముళ్ళ ఎలుకలు ఉంటాయి, అన్నీ ఒకటో లెవెల్ ప్రాణులు. వీడు వాటిని చంపడం, సేవ్ చేసి బయటికి రావడం, మళ్ళీ లోపలికి పోవడం. అలా చేస్తే రాక్షసులు మళ్ళీ పుడతారు. ఎనిమిదో లెవెల్ దాకా అలాగే వచ్చాడు!

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి. ఒకటి నుంచి రెండో లెవెల్‌కి పోవడానికి 500 పాయింట్లు చాలు. ఎనిమిది నుంచి తొమ్మిదికి 11,510 కావాలి. పైగా మన లెవెల్‌కీ రాక్షసుడి లెవెల్‌కీ ఐదు దాకా తేడా ఉంటే పూర్తి ఫలితం వస్తుంది. ఆరు తేడా వస్తే 81 శాతం, ఏడుకి 62, ఎనిమిదికి 43, తొమ్మిదికి 24, పది దాటితే ఐదే ఐదు శాతం. ఇరవై ఐదో లెవెల్ లోపు ఈ కోత రెండు వైపులా ఉంటుంది. మరీ బలహీనుణ్ణి కొట్టినా, తాహతుకి మించినవాణ్ణి కొట్టినా చేతికొచ్చేది చిల్లరే. అంటే మా వాడు రోజురోజుకీ ఎక్కువ చంపుతున్నాడు, తక్కువ సంపాదిస్తున్నాడు.

"కోల్డ్ ప్లెయిన్స్‌కి పోరా, అక్కడ తొందరగా పెరుగుతావు" అన్నాను.

"చచ్చిపోతే?"

"నార్మల్‌లో చస్తే అనుభవం పాయింట్లేం పోవు. కాస్త బంగారం పోతుంది, శవం దగ్గరికి నడిచి పోయి సామాను తెచ్చుకోవాలి, అంతే. నైట్‌మేర్, హెల్‌లో అయితే నిజంగా నష్టం."

వాడు తల ఊపాడు. పోలేదు.

మే నెలలో, దేశమంతా పూర్తి కర్ఫ్యూ పెట్టిన రోజుల్లో, మా ఆవిడకి పాజిటివ్ వచ్చింది. లక్షణాలు తక్కువే, కంగారు పడొద్దని తనే ఫోన్ చేసి చెప్పింది. వాడికి చెప్పకుండా ఉందామనుకున్నాను. కానీ తొమ్మిదింటి కాల్‌లో వెనకాల గోడ మారింది కదా, పట్టేశాడు. ఆ రాత్రి ఒంటిగంట దాకా క్లిక్కులు వినబడ్డాయి. వెళ్ళి కట్టెయ్యమనాలనిపించలేదు. నా ల్యాప్‌టాప్‌లో కూడా ఆట ఎక్కించుకుని, "నన్నూ కలుపుకో" అని లాన్‌లో వాడి ఆటలోకి దూరాను. పాత్ర పేరు అప్పటిదాకా నేను చూడలేదు, అడిగినా చూపించేవాడు కాదు. పార్టీలో చేరగానే స్క్రీన్ మీద పడింది. అది మా ఆవిడని వాళ్ళ పుట్టింట్లో పిలుచుకునే ముద్దుపేరు.

మర్నాడు వాడే పిలిచాడు. "నాన్నా, ఇదేంటి?" ఊళ్ళో అకారా అనే వైద్యురాలు ఉంటుంది. మొదటి పని డెన్ ఆఫ్ ఈవిల్ గుహని శుభ్రం చేసి వస్తే ఒక స్కిల్ పాయింట్ బహుమానంగా ఇస్తుంది. ఆమెతో మాట్లాడితే వచ్చే జాబితాలో నేనెప్పుడూ చూడని ఒక వరుస ఉంది, స్టాట్ పాయింట్లూ స్కిల్ పాయింట్లూ తిరిగి ఇచ్చేస్తానని. నేను నోరు మూసుకుని వెతుక్కుని చదివాను. 2010లో వచ్చిన 1.13 ప్యాచ్‌తో ఈ సదుపాయం పెట్టారట, ఒక్కో స్థాయిలో ఒకసారి. అంతకు ముందే, 2003లో వచ్చిన 1.10తో సినర్జీ అని ఒకటి తెచ్చారు. ఫైర్ బోల్ట్‌లో వేసిన ప్రతి పాయింటూ తర్వాత వచ్చే ఫైర్ బాల్‌కి 14 శాతం దెబ్బ పెంచుతుంది. చిన్న మంత్రానికి పెట్టిన ఖర్చు వృథా కాదన్నమాట! నేను ఆట మానేసిన మరుసటి ఏడాదే నా రెండో సూత్రం చెల్లకుండా పోయింది. ఇక మొదటి సూత్రం ఏనాడూ సరైనది కాదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. మా వాడు బ్లడ్ మూర్ దాటకపోవడానికి సగం కారణం భయమైతే, సగం నేనే. కర్రతో పాటు ఊరికే వచ్చిన ఒక్క ఫైర్ బోల్ట్‌తో, 47 ప్రాణంతో, ఎనిమిది పాయింట్లు మూటగట్టుకుని తిరుగుతున్నాడు పిల్లాడు.

"ఆ రీసెట్ దాచుకోరా, ముప్పయ్యో లెవెల్లో పనికొస్తుంది" అన్నాను. పిసినారి బుద్ధి ఎక్కడికి పోతుంది?

"ఇప్పుడు చస్తే ముప్పయ్యో లెవెల్ ఎక్కడొస్తుంది నాన్నా?" అని నొక్కేశాడు.

ముప్పై ఐదు స్టాట్ పాయింట్లు తిరిగొచ్చాయి. పది బలానికి, మిగతా ఇరవై ఐదూ వైటాలిటీకి వేశాం. సోర్సరెస్‌కి ఒక్కో వైటాలిటీకి రెండు ప్రాణం కాబట్టి 47 కాస్తా 97 అయింది. స్కిల్ పాయింట్లు ఎనిమిదిలో ఆరు ఫైర్ బోల్ట్‌కి, ఒకటి వార్మ్‌త్‌కి, ఒకటి స్టాటిక్ ఫీల్డ్‌కి. చుట్టూ ఉన్నవాళ్ళ ప్రాణంలో పాతిక శాతం ఒక్క దెబ్బకి తీసేస్తుంది అది, పెద్ద రాక్షసుల దగ్గర దానికి సాటి లేదు. బంగారమంతా మందు సీసాలకి, టౌన్ పోర్టల్ చుట్టలకి. ముందు ఒక నడికట్టు కొనుక్కోవాలి, నాలుగు సీసాలు పట్టే చోట ఎనిమిది పడతాయి. ఒంటరిగా ఆడేవాళ్ళకి ఇంకో ఉపాయం ఉంది. 'ప్లేయర్స్ 8' అని కొడితే ఎనిమిదిమంది ఆడుతున్నట్టు లెక్కేసి రాక్షసుల ప్రాణం, వాళ్ళిచ్చే అనుభవం రెండూ నాలుగున్నర రెట్లు చేస్తుంది. కాస్త దెబ్బ కొట్టే చేవ వచ్చాక వాడండి, ముందే వాడితే ఒక్కో జాంబీకి పావుగంట పడుతుంది. మేమిద్దరం ఒకే పార్టీలో ఆడాం కాబట్టి అనుభవం లెవెళ్ళ నిష్పత్తిలో పంచుకున్నాం. అందుకే నేను కావాలనే కొత్త బార్బేరియన్‌తో ఒకటో లెవెల్ నుంచి మొదలుపెట్టాను. పెద్ద లెవెల్ పాత్రని తోడు తీసుకెళ్తే వాటాలో ఎక్కువ భాగం అదే తినేస్తుంది.

కోల్డ్ ప్లెయిన్స్ పక్కనే శ్మశానం. అక్కడ బ్లడ్ రేవెన్ అనే విలుకత్తె శవాల్ని లేపుతూ బాణాలు వేస్తుంది. ఆమెని చంపితే ఊళ్ళో కష్యా మనకొక విలుకత్తెని ఊరికే తోడిస్తుంది, సోర్సరెస్‌కి మొదట్లో అంతకంటే పెద్ద ఆసరా లేదు. సరే, వెళ్ళాం. నేను ముందు నిలబడ్డాను గానీ, అటువైపు నుంచి జాంబీలు చుట్టేశాయి. మా వాడి పాత్ర పడిపోయింది.

వాడు మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు. నేను ఆడుతూనే వాడివైపు చూస్తున్నాను. ఏసీ చప్పుడు తప్ప ఏం లేదు. ఒక నిమిషం అయ్యుంటుంది. తర్వాత ఎస్కేప్ నొక్కాడు, ఊళ్ళో లేచాడు, మళ్ళీ ఆ మైదానమంతా ఒట్టి చేతుల్తో పరిగెత్తుకుంటూ వచ్చి శవం మీద క్లిక్ చేశాడు.

"అన్నీ ఉన్నాయి నాన్నా" అన్నాడు.

ఆ తర్వాత ఇక ఆగలేదు. స్టోనీ ఫీల్డ్, అక్కణ్ణించి ట్రిస్ట్రమ్. మొదటి లెవెళ్ళు పెంచుకోవడానికి పాతకాపులంతా మళ్ళీ మళ్ళీ పోయే ఊరది. పన్నెండో లెవెల్ వచ్చి ఫైర్ బాల్ దొరికిన రోజు, రాత్రి కాల్‌లో వాడే అమ్మకి అరగంట వివరించాడు. తనకేం అర్థమైందో తెలియదు గానీ, ఫోన్ పెట్టే ముందు "ఎన్నాళ్ళకి నోరు తెరిచాడండీ" అంది.

కొత్తగా ఆడదలచినవాళ్ళకి ఒక మాట. 2021 సెప్టెంబర్‌లో డయాబ్లో 2 రిసరెక్టెడ్ అని బొమ్మలన్నీ కొత్తగా గీసి మళ్ళీ విడుదల చేశారు. పైన చెప్పిన లెక్కలు అందులోనూ పనికొస్తాయి. కానీ మేం ఆడినట్టు ఇంట్లో రెండు మెషిన్లు కలిపి లాన్‌లో ఆడుకునే వీలు తీసేశారు. మా వాడు ఇప్పుడు చెన్నైలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఆ ముసలి డెస్క్‌టాప్‌ని మాత్రం అమ్మనివ్వడు.

మా ఆవిడ జూన్‌లో కోలుకుని మళ్ళీ డ్యూటీలో చేరింది. జలీబ్ తెరిచాక, జూలైలో ఇంటికొచ్చింది. స్నానం చేసి, నా పప్పు తిని, పేరు పెట్టకుండా, వాడి వెనకాల కుర్చీ వేసుకుని కూర్చుంది. సరిగ్గా అప్పుడే లెవెల్ పెరిగింది. పైన ఉన్న పేరు చదివింది. నావైపు చూసింది. వాడు స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా, "అమ్మా, ఐదు పాయింట్లు వచ్చాయి, దేనికి వెయ్యమంటావు?" అన్నాడు.

"వీటిల్లో ఒంటికి సంబంధించింది ఏదిరా?"

"వైటాలిటీ."

"ఐదూ దానికే వెయ్యి" అంది, వాడి జుట్టు ఎంత పెరిగిందో చూసుకుంటూ.