ఫారం 16లో పి.ఎఫ్. తప్పు: సంతకం యజమానిది, నోటీసు ఉద్యోగికి

హైదరాబాద్: సరకు తూకంలో తేడా వస్తే ఆ పూటే తెలిసిపోతుంది. జీతాల లెక్కలో తేడా వస్తే ఆదాయపు పన్ను నోటీసు అందేదాకా తెలియదు. చిక్కడపల్లి, నారాయణగూడ దుకాణాలయినా, అశోక్‌నగర్ కోచింగ్ కేంద్రాలయినా 20 మంది, అంతకు మించి సిబ్బంది ఉంటే ప్రావిడెంట్ ఫండ్ తప్పదు. ఆ కోతను ఫారం 16కు ఎక్కించేటప్పుడే చిక్కు వస్తుంది.

బేసిక్, డి.ఎ. కలిపి నెలకు రూ. 40,000 వచ్చే, పాత పన్ను విధానంలో ఉన్న ఒక మేనేజరు లెక్క చూడవచ్చు. 12 శాతం చొప్పున అతని వాటా ఏడాదికి రూ. 57,600. యజమాని వాటా కూడా అంతే. 80సి కింద చూపవలసింది ఉద్యోగి వాటా మాత్రమే. గుమాస్తా రెండూ కలిపి రూ. 1,15,200 వేస్తే రూ. 57,600 మేరకు లేని మినహాయింపు ఇచ్చినట్టే. 20 శాతం శ్లాబులో, సెస్సుతో సహా సుమారు రూ. 11,981 పన్ను తక్కువ కోసినట్టవుతుంది. ఆ బాకీ ఉద్యోగి మెడకు చుట్టుకుంటుంది. తక్కువ కోసినందుకు యజమానిపై నెలకు 1 శాతం వడ్డీ పడుతుంది.

కొత్త విధానంలో 80సి మినహాయింపే లేదు. అలవాటుకొద్దీ అక్కడా అంకె వేస్తే అదీ తప్పే.

ఎన్.పి.ఎస్. లెక్క వేరు. యజమాని కట్టిన సొమ్మును ముందు స్థూల జీతంలో కలిపి, తర్వాత 80సిసిడి(2) కింద తగ్గించాలి. ప్రైవేటు ఉద్యోగులకు కొత్త విధానంలో ఈ పరిమితిని 2024-25 నుంచి 10 శాతం నుంచి 14 శాతానికి పెంచారు. కలపకుండా తగ్గిస్తే పన్ను తక్కువ పడుతుంది. కలిపి, తగ్గించడం మరిస్తే ఎక్కువ పడుతుంది.

కాగితంపై పెన్నుతో దిద్దిన ఫారం 16 చెల్లదు. దాని మూలం నాలుగో త్రైమాసికపు 24క్యూ స్టేట్‌మెంటులో ఉంది. తక్కువ పడిన పన్ను, వడ్డీ చలానాతో కట్టి, ట్రేసెస్ పోర్టల్ నుంచి కన్సో ఫైలు దింపుకుని, సవరణ స్టేట్‌మెంటు దాఖలు చేయాలి. ఆపైన కొత్త ఫారం 16 ఇవ్వాలి. ఇది ఉద్యోగి చేయగల పని కాదు. నారాయణగూడ పక్కనే బర్కత్‌పురలో భవిష్యనిధి కార్యాలయం ఉన్నా, ఈ తప్పు అక్కడ తీరదు. ఉద్యోగి అప్పటికే రిటర్ను వేసి ఉంటే రివైజ్డ్ రిటర్ను వేసుకోవాలి.

2025-26 జీతాలకు 1961 చట్టమే వర్తిస్తుంది. ఆ లెక్కన 24క్యూకు గడువు 2026 మే 31, ఫారం 16కు జూన్ 15. 24క్యూ ఆలస్యమైతే రోజుకు రూ. 200 రుసుము. 2024లో సవరణకు ఆరేళ్ల హద్దు పెట్టగా, 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా వచ్చిన 2025 చట్టం దానిని రెండేళ్లకు కుదించింది. కనుక పాత తప్పులను దాచిపెట్టుకోవడం నష్టదాయకం.

జీతాల రిజిస్టరు, పి.ఎఫ్. చలానా, 24క్యూ, ఈ మూడింటి అంకెలూ మే నెలలోనే సరిచూసుకుంటే సరిపోతుంది. చిట్టా, ఆవర్జా కలిపి చూసుకునే వర్తకునికి ఇది కొత్త పని కాదు.