తేలికైన కారు మలుపుల్లో ఎందుకు మెరుగు?

నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి వెళ్లే ఘాట్ రోడ్డులో ఏ వాహనమైనా మలుపు మలుపుకూ వేగం తగ్గించి, దిశ మార్చి, మళ్లీ వేగం పుంజుకోవాలి. ఇంజను శక్తి వీటిలో చివరి పనికే తోడ్పడితే, తక్కువ బరువు మూడింటికీ తోడ్పడుతుంది.

ఎందుకు?

వేగంలోనూ దిశలోనూ మార్పును నిరోధించే స్వభావాన్ని జడత్వం అంటారు. ద్రవ్యరాశితో పాటే అదీ పెరుగుతుంది. ఒకే వేగంతో వెళ్లే రెండు కార్లలో ఒకటి రెండింతలు బరువైతే, దాన్ని ఆపడానికి బ్రేకులు రెండింతల గతిజశక్తిని, అంటే కదలిక వల్ల కలిగిన శక్తిని, వేడిగా మార్చవలసి ఉంటుంది. మలుపులో కారును లోపలివైపుకు తిప్పే అభికేంద్ర బలం టైర్లకూ రోడ్డుకూ మధ్యనున్న ఘర్షణ నుంచే వస్తుంది. బరువుతో ఘర్షణ పెరిగినా, రబ్బరు టైరులో అది అదే నిష్పత్తిలో పెరగదు కనుక, టైర్లు ఒకే రకమైనవైతే బరువైన కారే ముందుగా పట్టు కోల్పోతుంది.

ఎలా?

కోలిన్ చాప్‌మన్ బ్రిటన్‌లో స్థాపించిన లోటస్ సంస్థ, 1996లో వచ్చిన ఎలీస్ కారు కోసం అల్యూమినియం భాగాలను బలమైన జిగురుతో అతికించి, సుమారు 68 కిలోల చట్రాన్ని రూపొందించింది. దాదాపు 725 కిలోల ఆ కారుకు 118 హార్స్‌పవర్ ఇంజను సరిపోయింది. అదే శక్తి-బరువు నిష్పత్తి కోసం 1,450 కిలోల కారుకు 236 హార్స్‌పవర్ కావాలి. జపాన్ సంస్థ మాజ్దా 1989లో పరిచయం చేసిన ఎంఎక్స్-5 కూడా ఈ మార్గంలోనిదే.

గరిష్ఠ వేగాన్నీ హార్స్‌పవర్‌నూ మాత్రమే చూసేవారు ఇటువంటి కార్లను తక్కువగా అంచనా వేస్తారు. అయితే టైర్ల పట్టు ఎంత మిగిలిందో స్టీరింగ్ ద్వారా చేతులకు తెలియడమే వాటి అసలు ఆకర్షణ. రెండే సీట్లు, కొద్దిపాటి సామాను చోటు అందుకు చెల్లించే మూల్యం.